ఎక్స్‌టర్నాలిటీ అని ఎప్పుడు రాయాలి? మూసీ నది చెప్పే లెక్క

ఇవాళ్టి ఎపిసోడ్ ఒకే ఒక్క ఇంగ్లీష్ మాట గురించి. ఆ మాట ఎక్స్‌టర్నాలిటీ. డిగ్రీలో ఎకనామిక్స్ చదివేవాళ్లు, గ్రూప్స్‌కి, సివిల్స్‌కి ఇంగ్లీష్‌లో ఆన్సర్లు ప్రాక్టీస్ చేసేవాళ్లు ఈ మాట తరచుగా రాస్తుంటారు. వింటే బరువుగా ఉంటుంది కాబట్టి ఎక్కడో ఒకచోట పెట్టేద్దాం అనిపిస్తుంది. అందుకే అది చాలాసార్లు ఉండకూడని చోట కనిపిస్తుంది, ఉండాల్సిన చోట కనపడదు.

ముందు మూడు వాక్యాలు చెప్తాను. మూడూ మన దగ్గరివే.

మొదటిది మిర్యాలగూడ. "కొత్త రైస్ మిల్లులు వచ్చాయి. ధాన్యం కొనడానికి పోటీ పెరిగి రేటు పెరిగింది. పాత మిల్లు ఓనర్‌కి లాభం తగ్గింది. ఇది నెగటివ్ ఎక్స్‌టర్నాలిటీ."

రెండోది కోదాడ. "వానలు పడలేదు. సాగర్ ఎడమ కాల్వకి నీళ్లు రాలేదు. వరి ఎండిపోయింది. ఇది నెగటివ్ ఎక్స్‌టర్నాలిటీ."

మూడోది సూర్యాపేట. "హైదరాబాద్ మురుగు మూసీలో కలుస్తోంది. కింద ఆ నీళ్లతో సాగు చేసే రైతు నష్టపోతున్నాడు. ఇది నెగటివ్ ఎక్స్‌టర్నాలిటీ."

ఈ మూడింటిలో ఆ మాట సరిగ్గా పడింది ఒక్క మూడోదాంట్లోనే. మొదటి రెండింట్లో కూడా నష్టం నిజమే, బాధ నిజమే. కానీ అది ఎక్స్‌టర్నాలిటీ కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, మూసీ కథ ఏంటో రెండూ చూడాలి. ముందు మాట పుట్టుక చూద్దాం.

మాట ఎట్లా పుట్టింది?

ఇంటర్‌లో, డిగ్రీలో తెలుగు మీడియం ఎకనామిక్స్ చదివినవాళ్లకి "అంతర్గత ఆదాలు, బాహ్య ఆదాలు" అనే చాప్టర్ గుర్తుండే ఉంటుంది. ఆ విభజన చేసింది ఇంగ్లాండ్ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్. ఆయన పుస్తకం ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఎకనామిక్స్ 1890లో వచ్చింది. ఒక ఫ్యాక్టరీ తన సొంత తెలివితో, పెద్ద మెషీన్లతో ఖర్చు తగ్గించుకుంటే అది అంతర్గత ఆదా. అదే ఊళ్లో అలాంటి ఫ్యాక్టరీలు చాలా ఉండటం వల్ల పని తెలిసిన మనుషులు, రిపేరు షాపులు, లారీలు అన్నీ దగ్గర్లోనే దొరికి ఖర్చు తగ్గితే అది బాహ్య ఆదా. మిర్యాలగూడలో కొత్తగా మిల్లు పెట్టేవాళ్లు హమాలీలని, మెకానిక్‌లని, బియ్యం బ్రోకర్లని వేరే ఊరి నుంచి తెచ్చుకోవాల్సిన పని లేదు. ముందు వచ్చిన మిల్లుల వల్ల వాళ్లంతా అక్కడే ఉన్నారు. మార్షల్ చెప్పింది ఇదే.

మార్షల్ శిష్యుడు ఆర్థర్ పిగూ. ఈయన 1920లో ది ఎకనామిక్స్ ఆఫ్ వెల్ఫేర్ అనే పుస్తకం రాశాడు. ఆయన పట్టుకున్న పాయింట్ ఏంటంటే, ఒక పని చేసేవాడికి వచ్చే లాభం వేరు, ఆ పని వల్ల మొత్తం సమాజానికి మిగిలేది వేరు. రైలు ఇంజన్ నుంచి ఎగిరిన నిప్పురవ్వలు పక్క చేలో పడి పంట కాలిపోతుంది. రైలు కంపెనీ లెక్కల పుస్తకంలో బొగ్గు ఖర్చు ఉంటుంది, జీతాల ఖర్చు ఉంటుంది. కాలిన పంట ఖర్చు ఉండదు. అది రైతు భరిస్తాడు. పిగూ చెప్పిన పరిష్కారం, అలాంటి పని మీద పన్ను వేయడం. అప్పుడు చేసేవాడికి అసలు ఖర్చు ఎంతో తెలిసొస్తుంది. మన దేశంలో 2010లో బొగ్గు మీద టన్నుకి 50 రూపాయల సెస్ వేశారు. దాని వెనక ఉన్నది ఇలాంటి ఆలోచనే.

ఒక సంగతి గమనించండి. పిగూ ఐడియా ఇచ్చాడు కానీ ఎక్స్‌టర్నాలిటీ అనే మాట ఆయనది కాదు. 1952లో జేమ్స్ మీడ్ యాపిల్ తోట, తేనెటీగల ఉదాహరణ ఇచ్చాడు. తోట యజమాని చెట్లు పెంచితే పక్కవాడి తేనెటీగలకి మేత దొరుకుతుంది. తేనెటీగలు తిరిగితే చెట్లకి పరాగ సంపర్కం జరుగుతుంది. ఒకరి పని ఇంకొకరికి ఉపకారం, మధ్యలో బిల్లు లేదు. అప్పటికి వాళ్లు ఎక్స్‌టర్నల్ ఎకానమీస్, ఎక్స్‌టర్నల్ డిస్ఎకానమీస్ అని పొడుగ్గా రాసేవాళ్లు. 1950ల చివర్లో అది పొట్టిగా ఎక్స్‌టర్నాలిటీ అయ్యింది. 1958లో ఫ్రాన్సిస్ బేటర్ మార్కెట్ ఫెయిల్యూర్ మీద రాసిన పేపర్ ఈ మాట స్థిరపడటానికి బాగా తోడ్పడింది.

1960లో రోనాల్డ్ కోస్ వచ్చి పిగూతో పేచీ పెట్టుకున్నాడు. ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోవడం సులువుగా ఉండి, హక్కు ఎవరిదో చట్టంలో స్పష్టంగా ఉంటే, పన్ను లేకుండానే బేరం కుదరొచ్చు కదా అన్నాడు. ఇంకో విచిత్రం, కోస్ ఆ పేపర్‌లో ఎక్స్‌టర్నాలిటీ అనే మాటే వాడలేదు, హానికరమైన ప్రభావాలు అనే రాశాడు. అంటే ఈ సబ్జెక్ట్‌కి మూలస్తంభాలు అనుకునే ఇద్దరు, పిగూ, కోస్, ఈ మాట రాయకుండానే తమ పని చేశారు. మాట కంటే దాని వెనక ఉన్న లెక్క ముఖ్యం అని అర్థం చేసుకోవచ్చు.

ఆ లెక్క మూడు ప్రశ్నల్లో ఉంది. ఈ పని ఎవరు చేశారు? ఆ లావాదేవీలో లేని ఏ మూడో మనిషి మీద దాని ప్రభావం పడింది? ఆ ప్రభావం ఖరీదు ధరలో కలిసిందా, లేదా? చేసినవాడు ఉండాలి, బయటి మనిషి ఉండాలి, ఖరీదు ధరలో కలవకుండా ఉండాలి. మూడూ కుదిరితేనే ఎక్స్‌టర్నాలిటీ. ఒక్కటి తప్పినా వేరే మాట వెతుక్కోవాలి.

ఇప్పుడు మూసీ దగ్గరకి వద్దాం

పిగూ పుస్తకం వచ్చిన 1920లోనే హైదరాబాద్‌లో గండిపేట చెరువు, అంటే ఉస్మాన్ సాగర్ పూర్తయ్యింది. ఇది కేవలం కాకతాళీయమే, కానీ గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. హైదరాబాద్ మధ్య నుంచి వెళ్లి, యాదాద్రి భువనగిరి, నల్లగొండ, సూర్యాపేట జిల్లాల మీదుగా వచ్చి, మిర్యాలగూడ అవతల దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబర్ 28న ఈ నదికి వచ్చిన వరద హైదరాబాద్‌ని ముంచేసింది. వేల మంది చనిపోయారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. వరదని ఆపాలి, నగరానికి తాగునీళ్లు కావాలి, డ్రైనేజీ కావాలి అని ఆయన ప్లాన్ ఇచ్చాడు. దాని ఫలితమే మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్.

నగరం కోణంలో చూస్తే ఇది గొప్ప పని. నూరేళ్లకి పైగా పనికొచ్చింది. కానీ నది కోణంలో చూడండి. పైన మంచి నీళ్లు రెండు చెరువుల్లో ఆగాయి. కింద నగరం వాడిన నీళ్లు నదిలోకి వచ్చాయి. అప్పట్లో హైదరాబాద్ జనాభా సుమారు 5 లక్షలు. ఆ మురుగుని నది ఎలాగో మోసేది. తర్వాత సనత్‌నగర్, బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్, నాచారం, ఉప్పల్‌లో పరిశ్రమలు వచ్చాయి. జనం కోటికి చేరారు. మూసీలో ఏడాది పొడవునా పారేది ఎక్కువగా నగరం వదిలిన నీళ్లే అయ్యాయి.

ఇదే కాలంలో కింద ఏం జరిగింది? సూర్యాపేట దగ్గర సోలిపేటలో మూసీ మీద ప్రాజెక్ట్ కట్టారు. 1954లో మొదలై 1963లో పూర్తయ్యింది. పూర్తి నీటిమట్టం 645 అడుగులు, నిల్వ 4.46 టీఎంసీలు, ఆయకట్టు సుమారు 30 వేల ఎకరాలు. కట్టినప్పుడు దాన్ని చూసినవాళ్లు వానాకాలం నీళ్లు వస్తాయి, పంటలు పండుతాయి అనుకున్నారు. నీళ్లు వచ్చాయి, పంటలూ పండాయి. కానీ రాను రాను వచ్చే నీళ్ల రంగు మారింది. సూర్యాపేట పట్టణం కూడా చాలా ఏళ్లు తాగడానికి మూసీ నీళ్ల మీదే ఆధారపడింది. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చేదాకా అక్కడి ఇళ్లలో నీళ్ల గొడవ మాట్లాడుకోని రోజు లేదు.

ఇక్కడ ఒక చక్రం ఉంది, జాగ్రత్తగా వినండి. నాగార్జున సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా హైదరాబాద్‌కి వెళ్తాయి. నగరంలో స్నానాలు, వంటలు, బట్టలు, ఫ్యాక్టరీలు అన్నీ అయ్యాక ఆ నీళ్లే మురుగుగా మారి మూసీలో పడి మళ్లీ నల్లగొండ, సూర్యాపేట వైపే వస్తాయి. వాడపల్లిలో మళ్లీ కృష్ణలో కలుస్తాయి. మంచిగా వెళ్లి, మురికిగా తిరిగొస్తాయి. వెళ్లేటప్పుడు నల్లా బిల్లు ఉంది. నగరంలో బిల్లు కట్టేవాళ్లు సీవరేజ్ సెస్ కూడా కడతారు. కానీ మురుగు పూర్తిగా శుద్ధి కాకుండా నదిలోకి వెళ్లినప్పుడు కింద రైతుకి అయ్యే నష్టం ఆ బిల్లులో ఎక్కడా లేదు.

ఇప్పుడు మూడు ప్రశ్నలు వేద్దాం. చేసింది ఎవరు? నగరంలోని ఇళ్లు, పరిశ్రమలు, మురుగుని శుద్ధి చేయాల్సిన వ్యవస్థ. బయటి మనిషి ఎవరు? సోలిపేట కింద నాట్లు వేసే రైతు, కాళ్లకి దురదలు వచ్చినా ఆ బురదలోనే దిగే కూలీలు. జీడిమెట్లలో ఒక కంపెనీ మందు తయారుచేసి ముంబైలో వ్యాపారికి అమ్మితే, ఆ లావాదేవీలో ఈ రైతు కొన్నవాడూ కాదు, అమ్మినవాడూ కాదు. ఖరీదు ధరలో కలిసిందా? మందు ధరలో ముడిసరుకు ఉంది, కరెంట్ ఉంది, జీతాలు ఉన్నాయి. శుద్ధి కాని నీటి వల్ల పోయిన పంట లేదు. మూడూ కుదిరాయి. కాబట్టి ఇది ఎక్స్‌టర్నాలిటీ. నెగటివ్ ఎక్స్‌టర్నాలిటీ.

నష్టం జరిగే చోటు మారితే?

పటాన్‌చెరు కథ మీకు తెలిసే ఉంటుంది. అక్కడి ఫ్యాక్టరీల వ్యర్థజలాలు నక్కవాగు ద్వారా మంజీర వైపు వెళ్లి చుట్టుపక్కల ఊళ్లని ఏళ్ల తరబడి పాడుచేశాయి. రైతులు కోర్టులకెక్కారు. తర్వాత ఆ నీళ్లని కొంత శుద్ధి చేసి, సుమారు 18 కిలోమీటర్ల పైపులైన్ వేసి అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. అంబర్‌పేట ఏ నది మీద ఉంది? మూసీ మీద. అంటే ఒక పరీవాహకంలో భరిస్తున్నవాళ్ల భారం కొంత ఇంకో పరీవాహకం వైపు జరిగింది. ఇంగ్లీష్‌లో రాసేటప్పుడు దీన్ని "ఎక్స్‌టర్నాలిటీ వాజ్ సాల్వ్‌డ్" అని రాస్తే తప్పు. "వాజ్ షిఫ్టెడ్" అని రాయాలి. చేసినవాడి ఖర్చులోకి ఆ నష్టం వచ్చి చేరితేనే "ఇంటర్నలైజ్‌డ్" అనాలి.

ఇంకో పోలిక. 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల దూరంలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలు ఉండకూడదు అని. 84 ఊళ్లకి అది వర్తించింది. హైదరాబాద్ తాగే నీళ్లని కాపాడటానికి ఆ రూల్ పెట్టారు. ఆ చెరువుల పక్కన పెట్టాలనుకున్న ఒక ఫ్యాక్టరీ కేసు సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది, కోర్టు చెరువుల పక్షానే నిలబడింది. 2022లో ప్రభుత్వం ఆ జీవో ఆంక్షలని తీసేస్తూ ఉత్తర్వులిచ్చింది, అది వేరే ఎపిసోడ్. ఇక్కడ చూడాల్సింది ఒకటే. అదే నదికి పైన నగరం తాగే నీళ్లకి 10 కిలోమీటర్ల కాపలా దొరికింది. కింద సూర్యాపేట తాగే నీళ్లకి అలాంటి కాపలా దొరకలేదు. నష్టం భరించేవాళ్లకి నిర్ణయం తీసుకునే చోట గొంతు లేకపోతే ఎక్స్‌టర్నాలిటీ అలాగే ఉండిపోతుంది.

మరి కోస్ చెప్పినట్టు కూర్చొని బేరం ఆడుకోవచ్చు కదా? పైన లక్షల ఇళ్లు, వేల ఫ్యాక్టరీలు. కింద వేల మంది రైతులు. ఏ ఇంటి నీళ్లు ఏ పొలంలోకి వచ్చాయో ఎవరు చెప్పగలరు? ఎవరు ఎవరితో బేరం ఆడాలి? మాట్లాడుకోవడానికే ఇంత ఖర్చయ్యే చోట బేరం కుదరదు అని కోస్ కూడా ఒప్పుకుంటాడు. అక్కడే చట్టం రావాలి. మన దగ్గర 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు "కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలి" అనే సూత్రం మన దేశ చట్టంలో భాగమే అని చెప్పింది. పిగూ 1920లో చెప్పిన లెక్కకి కోర్టు భాషలో దగ్గరి మాట ఇది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఎండాకాలంలో మిగతా వాగులు ఎండిపోయినప్పుడు కూడా మూసీలో నీళ్లు పారుతుంటాయి. నగరం వదిలే నీళ్ల వల్లే ఎన్నో ఊళ్లలో రెండో పంట వస్తోంది, పశువులకి గడ్డి పెరుగుతోంది. అంటే ఒకే పారకంలో ఉపకారం ఉంది, అపకారం ఉంది. నీళ్లు రావడం పాజిటివ్ ఎక్స్‌టర్నాలిటీ, వాటితో పాటు రసాయనాలు, రోగాలు రావడం నెగటివ్ ఎక్స్‌టర్నాలిటీ. ఆన్సర్‌లో ఈ రెండూ రాసినవాళ్లు సబ్జెక్ట్ తెలిసినవాళ్లు అని దిద్దేవాళ్లకి అర్థమవుతుంది.

ఏవి ఎక్స్‌టర్నాలిటీ కావు?

మొదటి వాక్యానికి వెళ్దాం. కొత్త మిల్లుల వల్ల ధాన్యం రేటు పెరిగి పాత మిల్లు ఓనర్ లాభం తగ్గింది. ఇక్కడ ప్రభావం ధర ద్వారానే వచ్చింది. ఓనర్ పోగొట్టుకున్నది రైతుకి వచ్చింది. డబ్బు ఒక జేబు నుంచి ఇంకో జేబుకి మారింది. దీన్ని ఆర్థికవేత్తలు పెక్యూనియరీ ఎక్స్‌టర్నాలిటీ అని విడిగా పిలుస్తారు. జేకబ్ వైనర్ 1931లోనే ఈ తేడా చెప్పాడు. ముందు ఆ పెక్యూనియరీ అనే విశేషణం పెట్టకుండా ఉత్త ఎక్స్‌టర్నాలిటీ అని రాస్తే తప్పు. అదే మిల్లు పొగ గొట్టం నుంచి ఊక బూడిద ఎగిరి పక్క వీధిలో ఆరేసిన బట్టల మీద, డాబాల మీద పడితే? అది ధర ద్వారా రాలేదు, గాలి ద్వారా వచ్చింది. బట్టలు మళ్లీ ఉతకాల్సిన ఖర్చు బియ్యం రేటులో లేదు. అది పక్కా ఎక్స్‌టర్నాలిటీ.

మరి ఆ మిల్లులోనే పనిచేసే హమాలీ దుమ్ము పీల్చి జబ్బుపడితే? ఇక్కడ చాలామంది తడబడతారు. హమాలీ మూడో మనిషి కాదు, మిల్లుతో పని ఒప్పందంలో ఉన్న మనిషి. జరిగింది అన్యాయమే కావచ్చు. దానికి కార్మిక భద్రత, నష్టపరిహారం అనే మాటలు ఉన్నాయి, వాటితో రాయండి.

రెండో వాక్యం, వానలు పడక కోదాడలో వరి ఎండడం. ఇక్కడ చేసినవాడే లేడు. వానకి బిల్లు పంపలేం. దీన్ని ఎక్స్‌టర్నల్ ఫ్యాక్టర్ అనొచ్చు, ఎక్స్‌టర్నల్ షాక్ అనొచ్చు. పేరు దగ్గరగా ఉండటం వల్ల ఎక్కువమంది పడే గుంత ఇదే. "బయటి నుంచి వచ్చింది కాబట్టి ఎక్స్‌టర్నాలిటీ" అనుకుంటారు. ఈ మాటలో బయట అంటే లావాదేవీకి బయట. దేశానికి బయట, కంపెనీకి బయట అని కాదు.

నల్లగొండ ఫ్లోరైడ్ కూడా ఇలాంటిదే. మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలు వంగిపోయిన మనుషుల ఫొటోలు మీరు చూసే ఉంటారు. అంత పెద్ద విషాదానికి మూలం భూమిలోని రాళ్లలో ఉన్న ఫ్లోరైడ్. అది ప్రకృతి నుంచి వచ్చింది. మంచి నీళ్లు ఇవ్వకపోవడం ప్రభుత్వ వైఫల్యం అని రాయొచ్చు, ఎక్స్‌టర్నాలిటీ అని రాయకూడదు. అదే పక్క రైతు 600 అడుగుల బోరు వేయడం వల్ల మీ బావి ఎండిపోయిందనుకోండి, అక్కడ చేసిన మనిషి ఉన్నాడు, మీరు బయటి మనిషి, మీ బావి ఖరీదు ఆయన బోరు ఖర్చులో లేదు. అది ఎక్స్‌టర్నాలిటీ.

మంచి వైపు కూడా చూడండి

ఈ మాట వింటే కాలుష్యమే గుర్తొస్తుంది, కానీ ఉపకారం కూడా ఇందులో సగం. మన నేలలో దీనికి పాత ఉదాహరణ చెరువు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల వంశం వాళ్లు కట్టిన గుళ్లు చూసే ఉంటారు. వాళ్లు కాకతీయులకి సామంతులు. ఆ కాలంలో గుడితో పాటు చెరువు తవ్వించడం గొప్ప పుణ్యకార్యం. సప్త సంతానాల్లో తటాకం, వనం కూడా ఉన్నాయి. ఎందుకు అంత గౌరవం? చెరువు ఒకరు కట్టిస్తే దాని కింద ఆయకట్టుకే కాదు, చుట్టూ ఉన్న బావులకి కూడా నీళ్లు ఊరతాయి. ఆ బావుల వాళ్లు పైసా ఇవ్వరు. అంటే కట్టించినవాడికి దక్కేదాని కంటే ఊరికి దక్కేది ఎక్కువ. అలా వదిలేస్తే చెరువులు కట్టేవాళ్లు తగ్గిపోతారు. అందుకే దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టినవాళ్లకి, బాగుచేసినవాళ్లకి దాని కింద భూమిలో లేదా రాబడిలో పదో వంతు ఇచ్చేవాళ్లు. పాజిటివ్ ఎక్స్‌టర్నాలిటీ కలిగించినవాడికి సబ్సిడీ ఇవ్వాలి అని పిగూ చెప్పడానికి కొన్ని వందల ఏళ్ల ముందే మన ఊళ్లలో ఈ లెక్క నడిచింది.

ఈ కాలంలో ఉదాహరణ కావాలంటే సాగర్ ఎడమ కాల్వ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకి నీళ్లు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు మారిపోయాయి. ఆయకట్టు రైతుకి నీళ్లు ఇవ్వడం ప్రాజెక్ట్ ఉద్దేశం, అది ఎక్స్‌టర్నాలిటీ కాదు. కాల్వ ఊటతో ఆయకట్టులో లేని పక్క రైతు బావి నిండితే, అది పాజిటివ్ ఎక్స్‌టర్నాలిటీ. ఇద్దరికీ లాభమే, కానీ మాట రెండో రైతుకే సరిపోతుంది.

రాసేటప్పుడు ఎట్లా?

ఇప్పుడు వాక్యం కట్టడం. ఎక్స్‌టర్నాలిటీ లెక్కపెట్టదగ్గ నామవాచకం. ఒకటైతే ముందు "యాన్" రావాలి, నెగటివ్ అని పెడితే "ఎ" రావాలి, చాలా ఉంటే ఎక్స్‌టర్నాలిటీస్. ముందు వచ్చే క్రియలు ఇంపోజ్, జనరేట్, క్రియేట్. ఎవరి మీద అన్నదానికి "ఆన్". కాబట్టి మూసీ వాక్యం ఇలా వస్తుంది: "అన్‌ట్రీటెడ్ సీవేజ్ ఫ్రమ్ హైదరాబాద్ ఇంపోజెస్ ఎ నెగటివ్ ఎక్స్‌టర్నాలిటీ ఆన్ ఫార్మర్స్ డౌన్‌స్ట్రీమ్ ఇన్ సూర్యాపేట." ఈ వాక్యంలో చేసినవాళ్లు ఉన్నారు, భరించేవాళ్లు ఉన్నారు. తర్వాతి వాక్యంలో మూడో ప్రశ్నకి జవాబు రాయండి, ఆ నష్టం ధరలో లేదు అని.

"ఎక్స్‌టర్నాలిటీ కాస్ట్" అని రాయకండి, "ఎక్స్‌టర్నల్ కాస్ట్" అనండి. ప్రైవేట్ కాస్ట్‌కి ఎక్స్‌టర్నల్ కాస్ట్ కలిపితే సోషల్ కాస్ట్ అవుతుంది. "సోషల్ కాస్ట్" అంటే బయటివాళ్ల నష్టం ఒక్కటే అనుకోవద్దు, అది మొత్తం. అలాగే పొగ ఎక్స్‌టర్నాలిటీ కాదు, మురుగు ఎక్స్‌టర్నాలిటీ కాదు. వాటి వల్ల ఇంకొకరికి పడే, లెక్కలోకి రాని ప్రభావం ఎక్స్‌టర్నాలిటీ. ఎవరూ లేని చోట పొగ వదిలితే, ఎవరికీ ఏమీ కాకపోతే, అక్కడ పొగ ఉంది కానీ ఎక్స్‌టర్నాలిటీ లేదు.

"సైడ్ ఎఫెక్ట్" అని సింపుల్‌గా రాస్తే పోలా అంటారేమో. రాయొచ్చు. కానీ సైడ్ ఎఫెక్ట్ అనగానే ఏదో అనుకోకుండా జరిగిపోయింది, ఎవరి తప్పూ కాదు అన్నట్టు ఉంటుంది. "మూసీ కాలుష్యం నగరాభివృద్ధికి సైడ్ ఎఫెక్ట్" అని రాస్తే నది దానంతటదే మురికైనట్టు వినిపిస్తుంది. ఎక్స్‌టర్నాలిటీ అని సరిగ్గా రాయాలంటే మాత్రం ఎవరు చేశారు, ఎవరు మోస్తున్నారు, ఎంత బాకీ ఉంది అని అడగక తప్పదు. సోలిపేట కింద రైతుకి ఆ ప్రశ్నే కావాలి. మాటని ప్రతి కష్టానికీ అంటిస్తూ పోతే, కరువుకీ అదే, రేటు తేడాకీ అదే, మురుగుకీ అదే అయిపోతుంది. అప్పుడు నిజంగా బాకీ ఉన్నవాళ్లు ఆ గుంపులో కలిసిపోయి తప్పించుకుంటారు.

మీకో పని. మీ ఊళ్లోంచే ఒక ఉదాహరణ తీసుకోండి. హైవే మీద లారీల పొగ కావచ్చు, మేళ్లచెరువు వైపు సిమెంట్ దుమ్ము కావచ్చు, మీ వీధిలో ఎవరో పెంచిన వేపచెట్టు నీడ కావచ్చు. మూడు ప్రశ్నలు వేసి, రెండు వాక్యాల్లో ఇంగ్లీష్‌లో రాయండి. కుదరకపోతే వేరే మాట పెట్టండి, నష్టం లేదు. వచ్చే ఎపిసోడ్‌లో పబ్లిక్ గూడ్స్ అంటే ఏంటో, చెరువు ఎప్పుడు పబ్లిక్ గుడ్ అవుతుందో, ఎప్పుడు కాదో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.